పదకొండడుగుల హాలు, పడక కుర్చీ, రెండు జతల టవర్ స్పీకర్లు

ప్రశ్న: మా హాలు 11 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు ఉంటుంది. స్లాబు 10 అడుగుల ఎత్తు, నేలంతా రెండడుగుల టైల్స్. మరాంట్జ్ పీఎం6007 యాంప్లిఫయర్‌కు నాలుగు అంగుళాల వూఫర్ (కింది స్వరాలు పలికే భాగం) ఉన్న చిన్న స్పీకర్లు తగిలించి, వాటిని టీవీ యూనిట్ మీద పెట్టుకున్నాం. మా నాన్నగారు చిన్నతనంలో మృదంగం నేర్చుకున్నారు. రోజూ ఉదయం ఎదుటి గోడకు ఆనించిన పడక కుర్చీలో కూర్చుని కచేరీలు వింటారు. మావారు రాత్రి పాప పడుకున్నాక ఇళయరాజా పాటలు వింటారు. బేస్ అసలు వినబడటం లేదని ఈయన, తొప్పి, అంటే మృదంగం ఎడమ మూత, చచ్చిపోయిందని నాన్నగారు అంటున్నారు. హైదరాబాద్‌లో ఒక షాపుకు వెళ్లి డాలీ ఒబెరాన్ 7, క్లిప్ష్ ఆర్‌పీ-6000ఎఫ్ టవర్ స్పీకర్లు విన్నాం. క్లిప్ష్ తరవాత వింటే డాలీ నీరసంగా అనిపించింది. మీ 45 వాట్ల యాంప్లిఫయర్‌తో డాలీ కదలదని షాపతను కూడా చెప్పాడు. ఏ జత కొన్నా టీవీ యూనిట్‌కు అటూ ఇటూ రెండు మూలల్లో నిలబెట్టాలని అనుకుంటున్నాం. ఏది కొనమంటారు?
ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: ముందు సూటిగా చెప్పి, కారణాలు తరవాత చెబుతాను. మీరు విన్న రెండు జతలనూ పక్కన పెట్టి, డాలీలో అదే వరసలో ఒక మెట్టు కిందున్న ఒబెరాన్ 5 తీసుకోండి. దాన్ని మూలల్లో పెట్టకండి. నాన్నగారి పడక కుర్చీని, వినే వేళకైనా సరే, గోడ దగ్గర నుంచి ముందుకు జరపండి. ఈ మూడింటిలో మొదటిది ఒక్కటే చేసి మిగతా రెండూ వదిలేస్తే, మీరు పెట్టే డబ్బులో సగం వృథా అయినట్టే. మొదటిది చేయకుండా మిగతా రెండూ చేస్తే మాత్రం ఇప్పుడున్న చిన్న స్పీకర్లే ఎంతో కొంత మెరుగ్గా పలుకుతాయి. కాబట్టి కొనడానికి ముందే వాటితో మొదలుపెట్టమని నా సలహా.

మీవారి ఫిర్యాదు సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే దాంట్లో స్పీకర్ తప్పు కొంతే. ఆయన వినేది రాత్రి, పాప పడుకున్నాక, అంటే వాల్యూమ్ బాగా తగ్గించి. మన చెవికి ఒక గుణం ఉంది. ధ్వని తగ్గేకొద్దీ మధ్య స్థాయి స్వరాలకంటే మంద్ర స్వరాలు చాలా తొందరగా వినికిడిలోంచి జారిపోతాయి. అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీసి చూపించారు. పగలు పెద్దగా విన్నప్పుడు నిండుగా ఉండే పాటే రాత్రి చిన్నగా వింటే ఎముకల గూడులా వినిపించేది అందుకే. ఎంత పెద్ద టవర్ తెచ్చినా ఈ గుణం మారదు. దీనికోసమే మీ మరాంట్జ్ ముందు పలక మీద లౌడ్‌నెస్ అనే బటన్ ఉంది. చిన్న వాల్యూమ్‌లో మందగించే బేస్‌ను అది కాస్త పైకి లేపుతుంది. అయితే సోర్స్ డైరెక్ట్ అనే బటన్ నొక్కి ఉంటే లౌడ్‌నెస్, బేస్, ట్రెబుల్ నాబ్‌లు ఏవీ పనిచేయవు. శుద్ధమైన ధ్వని వస్తుందని ఎవరో చెప్పగా చాలామంది ఆ బటన్‌ను కొన్నరోజే నొక్కి మరిచిపోతారు. ఈ రాత్రికి ఒకసారి చూడండి.

అలాగని మీ పాత స్పీకర్లే చాలునని నేను అనడం లేదు. నాలుగు అంగుళాల వూఫర్ 70 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి అలిసిపోతుంది (హెర్ట్జ్ అంటే సెకనుకు ఒక కంపనం, అంకె తగ్గేకొద్దీ స్వరం కిందికి దిగుతుంది). బేస్ గిటార్ లావు తీగ విడిగా మోగితే 41 హెర్ట్జ్. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ తాళానికి తోడుగా ఊరికే కొట్టుకుంటూ పోదు, గాయకుడి కింద తన పాట తాను పాడుకుంటుంది. ఆ నడక సగం మీ హాలులో అసలు పుట్టడమే లేదు. కాబట్టి టవర్ స్పీకర్లు కావాలన్న మీ నిర్ణయం సరైనదే. ఎంత పెద్దవి కావాలన్నది మాత్రం మీ హాలు చెప్పాలి.

గదికి కొన్ని సొంత స్వరాలు ఉంటాయి. ఎదురెదురు గోడల మధ్య దూరానికి రెండింతలు ఏ ధ్వని తరంగం పొడవైతే, ఆ తరంగం ఆ గోడల మధ్య ఇరుక్కుని ముందుకూ వెనక్కూ ఊగుతూ నిలబడిపోతుంది. ధ్వని సెకనుకు సుమారు 1,130 అడుగులు పోతుంది. ఆ లెక్కన మీ 16 అడుగుల పొడవుకు 35 హెర్ట్జ్, దాని రెట్టింపు 70 హెర్ట్జ్, 11 అడుగుల వెడల్పుకు 51 హెర్ట్జ్, 10 అడుగుల ఎత్తుకు 56 హెర్ట్జ్ వస్తాయి. తలుపులూ కిటికీలూ వీటిని కాస్త అటూ ఇటూ జరుపుతాయి గాని పెద్దగా మార్చవు. స్పీకర్ ఈ స్వరాలను ఎంత బలంగా పలికితే గది అంతకు రెండింతలు తిరిగి పలుకుతుంది. పైగా ఈ ఊపు గోడల దగ్గర అత్యధికంగా ఉంటుంది. మూలల్లో రెండు గోడలూ కలుస్తాయి కాబట్టి అక్కడ నిలబెట్టిన స్పీకర్ గదిలోని ప్రతి సొంత స్వరాన్నీ తట్టి లేపుతుంది. నాన్నగారి పడక కుర్చీ అవతలి గోడకు ఆని ఉంది, అంటే చెవి కూడా ఆ ఊపు అత్యధికంగా ఉన్నచోటే ఉంది. పెద్ద టవర్లను రెండు మూలల్లో పెట్టి, గోడకు తల ఆనించి వినడమంటే 35, 70 హెర్ట్జ్‌లను పిలిచి పీట వేసినట్టే.

దీన్ని పుస్తకం చూసి చెప్పడం లేదు. నా మొదటి టవర్ స్పీకర్లను 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న చతురస్రపు గదిలో పెట్టుకున్నాను. పొడవుదీ వెడల్పుదీ ఒకే స్వరం, 47 హెర్ట్జ్. అమ్మినాయన నా గది కొలతలు అడగలేదు. చెప్పాలని నాకూ తోచలేదు. పది అంగుళాల వూఫర్లు చూసి మురిసిపోయాను. ఇంటికి తెచ్చి పాట పెడితే బేస్ గిటార్ ఏ స్వరం వాయించినా ఒకే స్వరం, పక్కింట్లో ఎవరో రుబ్బురోలు దొర్లిస్తున్నట్టుగా మోగింది. వారం తిరక్కముందే స్పీకర్ల వెనక బేస్ కోసం ఉండే గాలి గొట్టాల్లో చేతిగుడ్డలు కుక్కాను. దాంతో ఆ మోత కొంత తగ్గింది. ఏడాది తరవాత వాటిని మా బావగారికి ఇచ్చేశాను. వాళ్ల పాతకాలపు మండువా ఇంట్లో, నడిమి హాలులో అవి ఇప్పటికీ హాయిగా పాడుతున్నాయి. స్పీకర్లు అవే, మారింది గదే.

ఇక మీ హాలులో ఏం చేయాలో చూద్దాం. మీ నేల మీద రెండడుగుల టైల్స్ ఉన్నాయని రాశారు, కాబట్టి టేపు వెతుక్కోనక్కరలేదు, టైల్ గీతలే కొలబద్ద. స్పీకర్ల ముఖాలు టీవీ గోడ నుంచి ఒకటిన్నర టైల్, అంటే మూడడుగుల దూరంలో ఉండాలి. పక్క గోడల నుంచి ఒక్కోటి ఒక టైల్ దూరంలో ఉండాలి. అప్పుడు రెంటికీ మధ్య ఏడడుగులు వస్తుంది. వెనక గోడకూ పక్క గోడకూ ఒకే దూరం పెట్టకుండా మూడు, రెండు అని తేడా చూపడానికి కారణం ఉంది. గోడ నుంచి తిరిగొచ్చే తరంగం ఒకానొక స్వరాన్ని కొట్టేస్తుంది. రెండు గోడలకూ దూరం ఒకటే అయితే రెండూ కలిసి అదే స్వరాన్ని కొట్టేస్తాయి.

పడక కుర్చీకి వస్తే, తల ఆనే చోటు వెనక గోడ నుంచి మూడు టైల్స్, అంటే ఆరడుగులు ముందుకు ఉండాలి. అంత ముందుకు ఎందుకు, రెండు టైల్స్ చాలవా అని మీరు అడగవచ్చు. సరిగ్గా రెండు టైల్స్ దగ్గర, అంటే గది పొడవులో నాలుగోవంతు దగ్గర, ఇందాక చెప్పిన 70 హెర్ట్జ్ తరంగానికి నిశ్చలమైన స్థానం పడుతుంది. అక్కడ ఆ స్వరం ఉన్నట్టుండి మాయమవుతుంది. గోడ దగ్గర మరీ ఎక్కువ, రెండు టైల్స్ దగ్గర మరీ తక్కువ, మూడు టైల్స్ దగ్గర ఒక మోస్తరు. నమ్మబుద్ధి కాకపోతే ఇప్పుడున్న స్పీకర్లతోనే పరీక్షించండి. ఫోనులో స్వరాలు పుట్టించే ఉచిత యాప్‌లు దొరుకుతాయి. 70 హెర్ట్జ్ స్వరం సన్నగా పెట్టి, గోడ నుంచి మెల్లగా ముందుకు నడవండి. రెండు టైల్స్ దగ్గర ధ్వని పలచబడి, అది దాటాక మళ్లీ పుంజుకోవడం మీకే తెలుస్తుంది. మొదటిసారి విన్నవాళ్లు స్పీకర్ తీగ ఊడిందేమోనని వెనక్కి తిరిగి చూస్తారు. హాలు మధ్యలో ఎప్పుడూ కుర్చీ ఉంటే నడవడానికి అడ్డమే. అదృష్టవశాత్తూ పడక కుర్చీ తేలిక, గుడ్డ మడిచి ఒంటిచేత్తో పట్టుకెళ్లవచ్చు. కచేరీ వేళకు ముందుకు తెచ్చుకుని, అయిపోయాక గోడకు చేర్చుకోవచ్చు.

ఈ ఏర్పాటు మనసులో ఉంచుకుని షాపులో విన్నదాన్ని మళ్లీ చూద్దాం. సెన్సిటివిటీ అంటే ఇంత శక్తి ఇస్తే స్పీకర్ ఎంత గట్టిగా పలుకుతుందన్న కొలత. క్లిప్ష్ ఆర్‌పీ-6000ఎఫ్ సెన్సిటివిటీ 97 డెసిబెల్స్ అని, ఒబెరాన్ 7ది 88.5 డెసిబెల్స్ అని కంపెనీలు ప్రకటించాయి. తేడా 8.5 డెసిబెల్స్. అంటే ఒకే ధ్వని రావడానికి డాలీకి ఏడు రెట్ల శక్తి కావాలి. ఇంకోలా చెప్పాలంటే, యాంప్లిఫయర్ నాబ్ కదపకుండా తీగలు ఒక జత నుంచి ఇంకో జతకు మార్చితే క్లిప్ష్ చెవికి దాదాపు రెండింతలు గట్టిగా వినిపిస్తుంది. గట్టిగా ఉన్నది బాగున్నట్టు అనిపించడం మనిషి చెవి బలహీనత, సంగీత విద్వాంసుడికీ తప్పదు. మీకు డాలీ నీరసంగా అనిపించడానికి ముఖ్య కారణం ఇదేనని నా అనుమానం. కొన్ని కంపెనీలు ఈ సంఖ్యను మామూలు గదిలో, గోడల సాయంతో వచ్చేదాన్ని లెక్కగట్టి రాస్తాయి, కొన్ని గోడలు లేని చోట కొలుస్తాయి. కాబట్టి 97ను 88.5 పక్కన పెట్టి పోల్చేటప్పుడు కాస్త తగ్గించి చూసుకోవాలి. మళ్లీ వెళ్లినప్పుడు ఫోనులో ధ్వని కొలిచే యాప్ పెట్టుకుని, కూర్చున్న చోట రెండు జతలూ ఒకే అంకె చూపేలా నాబ్ సరిచేయించి వినండి. ఫోను చూపే అంకె కచ్చితమైనది కాకపోవచ్చు, కానీ అదే ఫోనుతో రెండింటినీ పోలిస్తే తేడా సరిగానే తెలుస్తుంది.

45 వాట్లకు డాలీ కదలదన్న మాట సరికాదు. మీ హాలులో నేను చెప్పిన చోట కూర్చుంటే స్పీకరుకూ చెవికీ మధ్య సుమారు 8 అడుగులు ఉంటుంది. అక్కడ 80 డెసిబెల్స్ వినబడాలంటే ఒబెరాన్‌కు కావలసింది ఒక్కో స్పీకరుకు అర వాటు చుట్టుపక్కలే. 80 డెసిబెల్స్ అంటే వంటింట్లోంచి ఎవరో తగ్గించమని కేకేసేంత ధ్వని. మొత్తం 45 వాట్లూ వాడితే 100 డెసిబెల్స్ దాకా పోతుంది. అప్పటికి పాప లేవడమే కాదు, కింది ఫ్లోరు వాళ్లు కూడా వస్తారు. ఒబెరాన్ నిరోధం 6 ఓమ్‌లు. ఈ అంకె తగ్గేకొద్దీ యాంప్లిఫయర్ మీద భారం పెరుగుతుంది. మీ మరాంట్జ్ 4 ఓమ్‌ల దగ్గర 60 వాట్లు ఇవ్వగలదని కంపెనీయే చెబుతోంది, కాబట్టి ఆ వైపు నుంచీ భయం లేదు.

క్లిప్ష్‌ను తక్కువ చేయాలని నాకు లేదు. ఈ కంపెనీని పాల్ క్లిప్ష్ 1946లో అమెరికాలోని ఆర్కన్సాలో, హోప్ అనే చిన్న ఊళ్లో మొదలుపెట్టారు. ఆయన నమ్ముకున్నది హార్న్. మన ఊళ్లో గుడి మీద మైకుకు ఉండే బాకా సూత్రమే, కాకపోతే ఇంటికి తగినట్టు తీర్చిదిద్దినది. యాంప్లిఫయర్లు పదేసి వాట్లకే ఆయాసపడే కాలంలో సినిమా హాలంతా వినిపించాలంటే హార్న్ తప్ప గతి లేదు. ఇంకో సుగుణం కూడా ఉంది. హార్న్ ధ్వనిని ఎదుటికి నడిపిస్తుంది, పక్కలకు తక్కువగా చల్లుతుంది. నున్నటి గోడలు, టైల్స్, అద్దాల కిటికీలు ఉండి, చప్పట్లు కొడితే ఖణేల్‌మనే మన ఇళ్లలో ఇది నిజంగా పనికొచ్చే గుణమే. ఆ వర్ణనలో మీ హాలు కూడా ఉంటే, డాలీ తెచ్చుకునేటప్పుడు ఒక మందపాటి తివాచీ, కిటికీలకు మడతలెక్కువ ఉన్న పరదాలు కూడా లెక్కలో వేసుకోండి. డాలీ ధ్వనిని వెడల్పుగా చల్లేలా తయారవుతుంది. అందుకే వాటిని వినేవారి వైపు తిప్పకుండా తిన్నగా గది పొడవునే చూసేలా పెట్టమని ఆ కంపెనీ చెబుతుంది. స్పీకర్లు తిన్నగా ఉంటే పక్క గోడల మీద పడే ధ్వని ఎక్కువే. అందుకని గోడకు ఆనించి ఒక పుస్తకాల బీరువా ఉన్నా మేలే.

అయినా నేను డాలీ వైపే మొగ్గడానికి కారణం మీ ఇంట్లో వినే సంగీతం. పాత కచేరీ రికార్డింగుల్లో వయొలిన్ దగ్గర మైకు ఒక్కోసారి మరీ దగ్గరగా ఉంటుంది, వెనక టేపు రొద ఉంటుంది. క్లిప్ష్‌లో పై స్వరాలు పలికే టైటానియం ట్వీటర్ దాన్ని వివరంగా ముందుకు తెచ్చి చూపిస్తుంది. డాలీ 29 మిల్లీమీటర్ల బట్ట గుమ్మటపు ట్వీటర్ అదే రికార్డింగును కాస్త కరుణతో చూస్తుంది. గంటల తరబడి వినేవారికి రెండోది సుఖం. ఇది నా చెవి రుచి, దీన్ని వేదవాక్కుగా తీసుకోవద్దు. ఇంకో సంగతి కూడా ఉంది. వయసు పెరిగేకొద్దీ వినికిడిలో ముందు తగ్గేది పై స్వరాలే. మీ చెవికి గీరుకున్నట్టుండే స్పీకర్ నాన్నగారికి స్పష్టంగా ఉందనిపించవచ్చు. అందుచేత షాపుకు ఆయన్ను తీసుకెళ్లండి. ఆయన బదులు మీరు తీర్పు చెప్పకండి.

ఆయన అక్కడ ఏం వినాలో కూడా చెబుతాను. ఒక తని ఆవర్తనం, అంటే కచేరీలో మృదంగం విడిగా వాయించే భాగం, పెట్టించండి. మృదంగం కుడి మూతకు శ్రుతి ఉంటుంది. నడుమ కరణి, అంటే నల్లటి ముద్ద, పూయడం వల్ల ఆ చర్మం పలికే ఉపస్వరాలు తీగవాద్యంలో మాదిరి ఒద్దికగా కుదురుతాయని సి.వి. రామన్ 1920లో 'నేచర్' పత్రికలో రాశారు. మంచి స్పీకర్ మీద కుడిచేతి దెబ్బ వినగానే అది ఏ శ్రుతికి కట్టిందో నాన్నగారు చెప్పగలగాలి. తొప్పి మీద రవ్వ ముద్ద అద్దిన మృదంగంలో ఎడమచేత్తో నొక్కి పలికించే గుమ్కీ కింది నుంచి పైకి సాగుతూ పోతుంది. ఆ సాగడం విడిగా, మొదలూ చివరా తెలిసేలా వినబడాలి. గది సొంత స్వరం దాన్ని మింగేస్తే సాగుడంతా పోయి ఒక్క గుబ్బుమనే దెబ్బ మిగులుతుంది. తొప్పి చచ్చిపోయిందని ఆయన ఇప్పుడు అంటున్నది బేస్ లేక. రేపు పెద్ద టవర్లు మూలల్లో పెడితే బేస్ ఎక్కువై అదే మాట అంటారు.

ఆ తరవాత ఘంటసాల పాత సినిమా పాట ఏదైనా ఒకటి పెట్టించండి. అవి చాలామటుకు మోనో రికార్డింగులు. రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని వస్తుంది కాబట్టి ఆయన గొంతు రెంటికీ సరిగ్గా మధ్యలో, గాలిలో ఒక్కచోట నిలబడాలి. కుడికో ఎడమకో జరిగినా, గోడంతా పరుచుకున్నట్టున్నా ఆ జతలోనో, అమరికలోనో లోపం ఉన్నట్టు. ఈ పరీక్ష ఇంటికొచ్చాక కూడా పనికొస్తుంది, స్పీకర్లను అంగుళం అంగుళం జరుపుకుంటూ సరిచేసుకోవడానికి ఇంతకంటే సులువైన దారి నాకు తెలియదు.

ఇప్పుడు 7 బదులు 5 ఎందుకన్నది. ఒబెరాన్ 7లో ఏడు అంగుళాల వూఫర్లు రెండు, ఒబెరాన్ 5లో అయిదుంపావు అంగుళాలవి రెండు. కాగితం మీద మొదటిది 36 హెర్ట్జ్ దాకా, రెండోది 39 హెర్ట్జ్ దాకా దిగుతాయి. ఆ మూడు హెర్ట్జ్ తేడా పెద్దది కాదు. అసలు తేడా గాలిని తోసే వైశాల్యంలో ఉంది, 7కు దాదాపు 1.8 రెట్లు ఎక్కువ. పెద్ద హాలులో, గట్టిగా వినేవారికి అది వరం. మీ హాలు తన పొడవు కొద్దీ 35 హెర్ట్జ్ దగ్గర ఎలాగూ ఊతం ఇస్తుంది. అక్కడే బలంగా ఉన్న స్పీకర్‌ను తెచ్చిపెడితే నా చతురస్రపు గది కథే మీ ఇంట్లో మళ్లీ మొదలవుతుంది. సంగీతానికి కావలసింది కూడా చూడండి. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి మంద్ర పంచమం 98 హెర్ట్జ్, బేస్ గిటార్ అడుగు స్వరం 41 హెర్ట్జ్. రెండూ 5కు అందుతాయి. రెండు రకాలకూ వెనక వైపే గొట్టం ఉంది కాబట్టి ఏది తెచ్చినా గోడకు ఆనించకూడదు. మూడడుగులు ముందుకు జరపడం మీ ఇంట్లో ఏ కారణం చేతనైనా కుదరకపోతే ఆ గొట్టంలోకి స్పాంజి ముక్క దూర్చి చూడవచ్చు. బేస్ కొంత పలచబడుతుంది గాని శుభ్రపడుతుంది.

5కు ఇంకో అనుకూలత ఉంది, అది మీ ఉత్తరంలోని పడక కుర్చీ వల్లనే తట్టింది. ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలన్నది పాత నియమం. ఒబెరాన్ 7 ఎత్తు 101 సెంటీమీటర్లు, 5 ఎత్తు 83 సెంటీమీటర్లు. సోఫాలో నిటారుగా కూర్చునేవారికి 5 కాస్త పొట్టి, ముందు కాళ్ల కింద చిన్న బిళ్లలు పెట్టి కొద్దిగా వెనక్కి వంచాల్సి వస్తుంది. పడక కుర్చీలో వెనక్కి వాలిన మనిషి చెవి అంతకంటే చాలా కిందికి వస్తుంది. నాన్నగారిని కూర్చోబెట్టి నేల నుంచి చెవి దాకా కొలవండి, 75, 85 సెంటీమీటర్ల మధ్య ఉంటే ఆ కుర్చీకి 5 కుదిరినట్టే. మీవారు నేల మీద పరుపు వేసుకుని వినే మనిషైతే ఆయనకూ అంతే.

ఒకవేళ ఇవన్నీ చేశాక కూడా సినిమా పాటలకు ఇంకా బేస్ కావాలని మీవారికి అనిపిస్తే, అప్పుడు ఒక చిన్న సబ్‌వూఫర్, అంటే అడుగు స్వరాలు మాత్రమే పలికే విడి స్పీకర్, చేర్చుకోవచ్చు. 7కూ 5కూ మధ్య మిగిలే డబ్బును అందుకోసం దాచుకోండి. సబ్‌వూఫర్‌కున్న సౌలభ్యమేమిటంటే, దాన్ని గదిలో బేస్ బాగా కుదిరే చోటు వెతికి పెట్టుకోవచ్చు, రాత్రి అక్కర్లేనప్పుడు ఆపేయవచ్చు. టవర్ లోపలి వూఫర్‌కు ఆ స్వేచ్ఛ లేదు, ట్వీటర్ ఎక్కడుంటే అదీ అక్కడే. ఆరు నెలలు ఆగి చూడండి. అవసరం పడదనే నా ఊహ.

తీగల గురించి షాపులో చాలా కథలు చెబుతారు. మీ దూరాలకు 2.5 చదరపు మిల్లీమీటర్ల మామూలు రాగి తీగ, ఎలక్ట్రికల్ షాపులో మీటర్ల లెక్కన దొరికేది, పూర్తిగా సరిపోతుంది. ఎర్ర తీగ ఎర్ర టెర్మినల్‌కే, నల్లది నల్లదానికే వెళ్లిందా అని రెండు స్పీకర్లకూ విడివిడిగా చూసుకోండి. ఒకదానికి తారుమారైతే బేస్ చాలావరకు మాయమవుతుంది, మోనో పాటలో గొంతు మధ్యన నిలబడదు. ఇప్పుడున్న స్పీకర్లకు కూడా ఈ తనిఖీ ఒకసారి చేయండి. నాన్నగారిదీ మీవారిదీ, ఇద్దరి ఫిర్యాదుకూ అసలు కారణం అక్కడే దొరికినా నేను ఆశ్చర్యపోను. కాకినాడ సముద్రపు గాలికి బయటపడ్డ రాగి పచ్చబడుతుంది, కాబట్టి ఏడాదికోసారి కొసలు అంగుళం కత్తిరించి కొత్త రాగి బిగించాలి. పాత స్పీకర్ ఏదైనా సెకండ్‌హ్యాండ్‌లో చూస్తున్నట్టయితే వూఫర్ అంచు రబ్బరుదో, స్పాంజిదో వేలితో తాకి చూడండి. మన తీరపు చెమ్మకు స్పాంజి అంచులు కొన్నేళ్లకే పొడిపొడిగా రాలిపోతాయి.

పాప ఉన్న ఇల్లు కాబట్టి ముందు గుడ్డ తెర తీయకండి. వూఫర్ మధ్యలోని బుడిపెను చూసి నొక్కకుండా ఉండగల పిల్లలు లేరు. కాళ్లకు ముళ్లు బిగించకుండా రబ్బరు బిళ్లలే ఉంచితే టైల్స్ మీద గీతలు పడవు, అంగుళం అంగుళం జరుపుకోవడమూ తేలికవుతుంది. అన్నీ కుదిరాక స్పీకర్ల అడుగు మూలల దగ్గర, పడక కుర్చీ కాళ్ల దగ్గర టైల్ మీద చిన్న టేపు ముక్కలు అంటించి పెట్టుకోండి. రోజూ ఊడ్చి తుడిచేటప్పుడు అవి తప్పక జరుగుతాయి, టేపు ఉంటే నాన్నగారు కచేరీకి కూర్చునే ముందు ఎవరైనా తిరిగి అక్కడికే చేర్చగలరు.